మూడు కాయితాలు, ఒక అర్ర

మూడు లెక్కలు ముందలేసుకొని కూసున్న.
ఎగిరిపోకుంట ఒకదాని మీద కత్తెర,
ఒకదాని మీద బాబిన్ల డబ్బ.
మూడోది ఎగరదు, అది కాయితమే కాదు,
కుర్మయ్య మేస్త్రి గోడ మీద బొగ్గుతోని రాసిపోయిండు.

కావాల్సింది ఒక్క అర్ర.
పది ఫీట్లు, పన్నెండు ఫీట్లు.
మందుల కంపెనీల రాత్రి డ్యూటీ చేసి
పొద్దుగాల ఏడింటికొచ్చి పండుకుంటడు మా ఆయన.
తొమ్మిదింటికి నా మిషను లేస్తది.
పదేండ్ల సంది నడుమ ఒక్క గోడ లేక
ఆయన నిద్రల నేను జాకెట్లు కుడుతున్న.

ఇంజినీరు పిలగాడు శశాంక్‌ది కంప్యూటర్ లెక్క.
ఫీటుకు రెండు వేల రెండొందల యాభై.
మీద రంగుల బొమ్మ: మా అర్ర ముందల
మాకు లేని కారు, మేం పెట్టని చెట్టు,
ఎవరో తెల్లంగియాయన నవ్వుకుంట నిలబడ్డడు.
రెండు లక్షల డెబ్బై వేలు.
ఆ నవ్వుకెంత ఏసిండో విడిగ రాయలే.

ఖాజా మేస్త్రి నా కొలతల పుస్తకంలనే ఒక పేజీ చింపిండు.
పునాది, మొరం, పిల్లర్లు నాలుగు,
దుందుభి ఇసుక రెండు ట్రాక్టర్లు,
లోపల గిలాబు, బయట గిలాబు,
దర్వాజ ఒకటి, కిటికి ఒకటి.
అడుగున గీత గీసి రెండు లక్షల పది.
గీత కింద సన్నగ: నీళ్ళు మీయే. చాయ్ రెండుసార్లు.

కుర్మయ్యది కూలి ఒక్కటే, నలబై ఎనిమిది వేలు.
సామాను మనమే తెచ్చుకోవాలె.
బాదేపల్లి దుకాణాలన్నీ తిరిగి అడిగొచ్చిన.
సిమెంటు, ఇటిక, కంకర, సలాక, లక్షా ముప్పై రెండు.
కలిపితే ఒకటి ఎనబై.
ఖాజా కంటే ముప్పై వేలు తక్కువ.

సంఘంల లోను రెండు లక్షలకే సంతకం పెట్టిన.
ముప్పై వేలంటే
నూటా యాభై జాకెట్లు,
కాజాలు తీసి, హుక్కులు కుట్టి, లైనింగుతో సహా.
ఇంక చూసేదేముందని
కుర్మయ్యకు ఫోన్ చెయ్యనీకి లేసిన.

మా అత్త మన్నెమ్మ కాయితాల దిక్కు చూడలే.
ఆమెకు చదువు రాదు, ధర వచ్చు.
బొంబాయిల, భీవండిల, పేరు తెలువని డ్యాముల మీద
పద్దెనిమిదేండ్లు గంప మోసింది.
ఇప్పటికీ ఖాళీ బిందె ఎత్తినా
చెయ్యి ముందు నెత్తి మీద చుట్టబట్ట సదురుకుంటది.

"ఇండ్ల గంప మోసేదానికి ఎంత రాసిన్రే?"

వెతికిన.
ఇటికకు ధరుంది, విరిగిన ఇటికకు ధరుంది,
కంకర దించినందుకుంది,
చాయ్ గూడ ఉంది.
గంప లేదు.

ఫోన్ల అడిగితే "ఆరు వందలు" అన్నడు ఖాజా, వెంటనే.
కుర్మయ్య జరసేపు ఆగి,
"నాలుగున్నర ఇస్తం అక్కా, అది మీకెందుకు?"

మీకెందుకు.
సుద్దముక్కతోని బండ మీద లెక్కేసిన.
ఇద్దరాడోళ్ళు, ఇరవై రోజులు, నూటా యాభై చొప్పున.
ఆరు వేలు.
ముప్పై వేల తేడాల ఆరు వేలు
ఎవరివో రెండు నెత్తుల మీదికెల్లి దిగి
నా చేతికొస్తున్నయి.
తక్కిన ఇరవై నాలుగు ఎవరి మీదివో
తెలువదు. ఇంకో ఫోన్ చేసే ధైర్యం రాలే.

"కుర్మయ్యకే ఇద్దాం అత్తా, ఆ ఆరు వేలు మనమే కలిపిస్తే?"
నవ్వింది.
"ఇస్తవు. వాడు తీసుకుంటడు."

రాత్రి పదయింది. ఆయన డ్యూటీకి పోయిండు.
పన్నెండు కొట్టేసి పదకొండు రాసిన.
ఖాజా ధరకు లక్షా తొంబై రెండు వేల ఐదొందలు.
లోను దాటకుంట, టైల్సు లేకుంట.
అత్త బయట చీకట్ల
నా దారం ఉండ, నాలుగు పుల్లలు పట్టుకొని
అడుగు మీద అడుగేసుకుంట కొలుస్తున్నది.
"మంచం పడుతది," అని కేకేసింది.
"మనిషి తిరుగుడే జర కష్టం."

తెల్లారి ఏడింటికి
టిఫిన్ డబ్బ చేతుల పట్టుకొని మా ఆయన
ఆ దారం కాడ ఆగిండు.
దాటి రాలే.
నిద్ర కండ్లతోని అటు చూసి, ఇటు చూసి,
"దర్వాజ ఏ దిక్కు?" అని అడిగిండు.