కదురు

వూచ్ నగరంలో, ట్రామ్ చివరి సీట్లో
పదహారేళ్ల యాగొదా నవల రాస్తోంది.

కదురు గుచ్చుకున్న రాకుమారి
నూరేళ్లు నిద్రపోవాలి, పాత లెక్క ప్రకారం.

ముత్తవ్వ గెనొవేఫాకీ గుచ్చుకుంది,
నూలు మిల్లులో, రాత్రి షిఫ్టులో.
వేలికి గుడ్డపీలిక చుట్టుకుని
మళ్లీ మర దగ్గరే నిలబడింది.
పది నిమిషాలు కూచుంటే పూట కూలి కోత.

అందుకే యాగొదా కథలో
కోటంతా గురక పెడుతుంది,
రాజు, వంటవాడు, పొయ్యిలో మంట కూడా.
ఆ పిల్ల కంటి మీద మాత్రం కునుకుండదు.
వేలు చప్పరిస్తూ గది గదీ తిరుగుతుంది
ఎవరి జీతం ఎంతో రాసిన చిట్టా దొరికేదాకా.

ముళ్ల కంచె అవతల గుర్రం సకిలిస్తుంది.
"ఆగు," అంటుంది, "ఇంకా లెక్క తేలలేదు."

యాగొదా దిగాల్సిన స్టాపు
ఎప్పుడో దాటిపోయింది.