కుట్టంటే ఏమిటి

ఏప్రిల్లో బడి ఆర్డరు ఆగిపోయింది.
నూటనలభై మీటర్ల నీలం గళ్ల గుడ్డ
కొరుక్కుపేటలో మా పదడుగుల కొట్టులో
తాను విప్పకుండా గోడకి ఆనుకుని ఉంది.
బాడుగ మాత్రం ఆగలేదు.

ముందు మాస్కులు కుట్టాను.
ముప్పై ఏళ్లుగా భుజం కొలిచాను, నడుం కొలిచాను,
ముఖం కొలవడం ఏ మేస్త్రీ నేర్పలేదు.
ముక్కు దూలం నుంచి గడ్డం కిందికి టేపు పెడితే
మా ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడింది,
రేషన్ కార్డుకి ఫోటో తీయించుకుంటున్నట్టు.

ఎలాస్టిక్ లేదు. మింట్ వీధి మొత్తం మూసేశారు.
లంగా నాడాలు చీల్చి చెవులకు తగిలించాను.
ముక్కు దగ్గర ఒదగడానికి
కాయిల్ చుట్టే దస్తగిరి, కాలిపోయిన ఫ్యాను విప్పి
రాగి తీగ ఇచ్చాడు, బెత్తెడు బెత్తెడు లెక్కన.
"తిరగని ఫ్యాను, ఇట్లా అయినా గాలికి పనికొచ్చింది" అన్నాడు.

అప్పుడొచ్చింది చెంగమ్మ వదిన.
కార్పొరేషన్ చెత్తబండి ఆమెది.
రేకులు కొట్టి మూసిన ఇళ్ల ముందు
సంచులు ఎత్తాల్సింది ఆమే.
"డాక్టర్లకి చందమామ మీదికి పోయే అంగీలంట,
నాకు ఇవి" అని
చిటికెనవేలు చినిగిన గ్లౌజులు బల్ల మీద పెట్టింది.

నల్ల రెయిన్‌కోట్లు మూడు విప్పి ఒక్క అంగీ చేశాను.
మెడ నుంచి మోకాలి కిందిదాకా
ఎక్కడా సందు లేకుండా దగ్గర కుట్టు.
పంపు దగ్గర కొక్కేనికి వేలాడదీసి
లోపల కుట్టు వెంట సుద్దతో గీత గీసి
బయట చెంబుతో నీళ్లు పోశాం.
గీత మాయమైంది,
మెడ నుంచి కిందిదాకా.

అంత దగ్గరగా కుట్టాననుకున్నానే గాని
అంత దగ్గరగా పొడిచానని తట్టలేదు.
కుట్టంటే ఏమిటి?
దారం దూరిన చిల్లు.
ముప్పై ఏళ్లు నేను చేసింది
వరస తప్పకుండా చిల్లులు.

రాత్రి పాల కవర్లు కడిగి కత్తిరించి
కుట్ల మీద పరిచి, పైన పాత పేపరు వేసి
ఇస్త్రీ పెట్టాను.
మొదటి రెండూ మాడి వీధంతా కంపు.
మూడోది అతికింది.
తెల్లారి మళ్లీ నీళ్లు పోస్తే
సుద్ద గీత అట్లాగే ఉంది, తెల్లగా.

అవి కత్తిరి ఎండలు.
మధ్యాహ్నం వదిన వచ్చి మెట్టు మీద కూలబడింది.
ముంజేతి పట్టీ విప్పి చేయి కిందికి వంచింది,
గ్లాసెడు చెమట.
"మరిదీ, బయటి నీళ్లు లోపలికి రాలేదు.
లోపలి నీళ్లు బయటికి పోలేదు.
నాకు అంగీ కాదు, కుండ కుట్టావు."

నవ్వాలో లేదో తెలియలేదు.
కత్తెర తీసి వీపంతా కోసేశాను.
జబ్బు ముందు నుంచే వస్తుందని ఎవరు చెప్పారు?
ఎవరూ చెప్పలేదు.
మనిషి ఉడికిపోవడం మాత్రం కళ్లారా చూశాను.
కోసిన చోట
బడి గుడ్డ రెండు పొరలు వేసి కుట్టాను.

ఇప్పుడు ఆరింటికల్లా బండి తోసుకుంటూ పోతుంది.
ఎదురుగా చూస్తే నల్లటి రెయిన్‌కోటు.
వెనక నుంచి, రైల్వే గేటు దాటేదాకా,
నీలం గళ్లు.
ఏనాడూ బడికి పోని మనిషి
బెల్లు కొట్టేస్తారేమో అన్నట్టు గబగబా.

ఆమె జట్టులో ఇంకో నలుగురికి కావాలట.
"ఈసారి జేబు పెట్టు" అంది.
"పలకకి కాదులే, వక్కాకుకి."