హాజరు

తాసిల్దారు సారూ,
నా పేరు కావడి పిచ్చాలు. తిప్ప మీద కాపురం.
మా నోట్లో అది తిప్ప,
మీ కాయితాల్లో సెటిల్మెంటు.
దొరలు పొయ్యి ముప్పై ఏండ్లు దాటినా ఆ మాట మాత్రం పోలా.

మూడు సెంట్ల చోటుకి పట్టా అడిగితే
మీ గుమాస్తా అంటుండాడు,
"మీరు ఆడ ఉండారనేదానికి రుజువేంది?"

నవ్వొచ్చింది సారూ. తప్పుగా అనుకోబాకండి.

దీపాలు పెట్టే యాళకొకసారి,
రాత్రి పదకొండుకొకసారి,
మూడు గంటలకి, కోడి గూడా లేవకముందే ఇంకోసారి,
సరుగుడు కొయ్యకి ఏలాడే రైలుపట్టా ముక్కని
కావిలోడు ఇనపకడ్డీతో కొట్టేవాడు.
బిట్రగుంట షెడ్డులో ఇంజన్లు కూసినా కదలని పసిబిడ్డలు
ఆ మోతకి లేచి కూసునేవోళ్ళు.
లాంతరు ముందర బారుగా నిలబడుకోని
పేరు పిలిస్తే "ఉండా" అనాల.
జరమొచ్చినా ఉండా.
తుపానుకి కొట్టాలు లేచిపోయిన రాత్రి గూడా ఉండా.
మా నాయన నిద్దట్లో అనేవాడు,
ఎవురూ పిలవకుండానే.

మా తాత గాడిదల మీద ఉప్పు తోలినోడు.
కొట్టం నించి కొండ దాకా ఆయనెనకాల ఉప్పురాలిన దోవ.
రైలొచ్చి ఆ ఉప్పునెత్తకపోయింది.
పని పోయినోడు దొంగేనని ఎవురో యాడో రాసినారు.
ఏం దొంగిలిచ్చినాడో మాత్రం రాయలా.

కావలి సంతకి పోవాలంటే చీటీ.
కాలవ దాటి ఈతాకు కోసుకోవాలంటే చీటీ.
చీటీలో పొయ్యే గంట, వొచ్చే గంట.
బుట్టలల్లే చేతులకి గంటలేం తెలుస్తాయి,
ఆకు ఆరేదాకా ఆగాల గదా!

మా అవ్వ సుంకులు, ఎరుక చెప్పే మనిషి.
గవ్వలూ బుట్టా తీసుకోని ఊళ్ళు తిరిగి
నాలుగు తరాల చేతులు చదివింది.
ఇక్కడికి తెచ్చిన దినం
ఆమె చెయ్యే బల్ల మీద బోర్లా పెట్టి
సిరా పూసి సర్కారోళ్ళు చదువుకున్నారు.
ఏం కనపడిందో వాళ్ళకి.
అవ్వ మాత్రం ఆ యేలు చీరకి తుడుచుకుంటా,
"రైటరయ్యా, నీకు ఈ యేడు బదిలీ ఉంది" అనింది.
అయింది గూడా. ఆ సంగతి ఇప్పుడెందుకులే.

అవ్వ పోయింది ఒక మార్గశిరంలో,
పదకొండు హాజరుకీ మూడు హాజరుకీ నడిమధ్య.
పట్టా మోగింది. నాయన పోయి బారులో నిలబడినాడు.
"సుంకులూ" అని పిలిచినారు.
లేదంటే పారిపోయిందని రాస్తారు,
సచ్చిందంటే తెల్లారేదాకా నమ్మరు.
నాయన తల దించుకోని
"ఉండాదయ్యా" అన్నాడు.

కొత్త రైటరు లాంతరు తీసుకోని గుడిసెలోకొచ్చినాడు.
చూసినాడు. అర్తమయింది.
చిన్న వయసోడు, చెయ్యి వొణికింది.
అయినా పుస్తకంలో గడి ఖాళీగా ఉంటే పైవోళ్ళు అడుగుతారంట,
చల్లబడిన యేలికి సిరా రాసి
ముద్ర ఏయించుకోని పోయినాడు.
ఆ పుస్తకంలో అన్నిటికన్నా తేటగా పడిన ముద్ర అదేనంట.
ఆయనే తర్వాత చెప్పినాడు, నీళ్ళబాయి కాడ,
ఎవురూ లేనప్పుడు.

రోజుకి మూడుసార్లు సారూ, ముప్పై ఏండ్లు.
ఇంతగా ఉండామని చెప్పుకున్నోళ్ళు
ఈ జిల్లాలో ఇంకెవురన్నా ఉంటే చూపీండి.
మీకుండారా ఒక్కరన్నా,
అర్దరాత్రి లేచి తాను ఉండాడని చెప్పినోడు?

ఆ పుస్తకాలు చెదలు తినేసినాయంట.
మీ గుమాస్తానే చెప్పినాడు, నిన్న, ఆకూవక్కా నములుతా.

అందుకే ఇది తెచ్చినా.
తువ్వాలు ఇప్పమంటారా? బరువు, బల్ల కాస్త జరపండి.
చట్టం ఎత్తేసిన దినం అందరూ కొయ్య నరికి పొయ్యిలో పెట్టినారు,
నాయన మాత్రం దీన్ని భుజానేసుకోని ఇంటికొచ్చినాడు.
ఎందుకో చెప్పలా. కొట్టనీలా.
మూలన పడుండాది, తుప్పు పట్టి.

మా తిప్ప మీదకొకసారి రాండి సారూ,
రాత్రి మూడుకి రాండి.
మీ చేత్తోనే దీన్ని కొట్టండి, ఒక్కటంటే ఒక్క దెబ్బ.
ఏ గుడిసెలో ముసిలోళ్ళు
దుప్పటి తోసేసి లేచి నిలబడతారో
లెక్కపెట్టుకోండి.