ఒక్క మీటరు అడవి

మా తాత బావి మోట పగ్గం ఇది.
నాలుగు మీటర్లకు కోసి, మీటరుకో ముడి వేసుకొచ్చిన.
మేకులు మాత్రం ఇంట్లనే మరిచిన.
పిల్లలు బలుసు పుల్లలు నాలుగు చెక్కి ఇచ్చిండ్రు.

చందంపేట గుట్టల మీద ఎనిమిదో తరగతి.
ఇరవై ఆరు మంది, ఇరవై రెండు జతల చెప్పులు.
అడవిని లెక్కపెట్టడానికి వచ్చినం.
ఇక్కడ అడవంటే ఆకాశం కనబడనంత కాదు.
మోకాలెత్తు తునికి, నడుమెత్తు బిల్లుడు,
రాళ్ల సందున రేల,
లాగు పట్టుకుంటే వదలని పరికి కంప.
"అడవేంది సార్, ఇది కంచె గదా" అన్నడు శివలింగం.
"గట్టిగ అనకు, వింటది"
అన్నడు బీటు గార్డు ఖాజా మియా.

పగ్గం పరిచినం. లోపల పడ్డదంతా లెక్క.
బయట నెమలి వచ్చి ఆడినా లెక్క కాదు.
ఈ నియమం చెప్పంగనే అర్థమైంది వాళ్లకు,
కబడ్డీ గీత తెలిసిన పిల్లలు.

మోకాళ్ల మీద కూసుంటే తెలుస్తది
మీటరు ఎంత పెద్దదో.
చీమల బారు తూర్పు ముడి కింద దూరి
పడమటి ముడి చేరేసరికి
ఒక పీరియడంత పొద్దు గడిచింది.
ఆరుద్ర పురుగొకటి, మఖ్మల్ గుడ్డ ముక్క,
ముట్టంగనే కాళ్లు ముడుచుకొని
చచ్చినట్టు నటించింది.
పాము కుబుసం జానెడు.
చండ్ర మొక్కలు ఏడు. తునికి మూడు.
పేరు తెలియనిది ఒకటి. దానికి
"వచ్చే వారం" అని పేరు రాసుకున్నది ఇంద్రజ.

నా కాగితంల రెండే గడులు:
మొలిచినవి. మేసినవి.
పదకొండింట్ల ఎనిమిదింటికి తలలు లేవు.

"కుందేలు" అని రాయబోయిండు శివలింగం.
నేనావత్ సరోజ వాని పెన్ను పట్టుకున్నది.
పొద్దటి సంది నోరిప్పని పిల్ల.
తెగిన కొసను వేలి మీద పెట్టి చూపింది:
"కుందేలైతే ఏటవాలుగ, కొడవలి లెక్క కోస్తది.
ఇది పీచు పీచున్నది చూడు.
మేకకు పైన ముందుపండ్లు ఉండయి.
పట్టి గుంజుతది."
ఆగింది.
"మా చారల మేకనే కావచ్చు.
దానికి చండ్రాకంటే పానం."

అందరం ఖాజా మియా దిక్కు చూసినం.
ఆయన అంగీ జేబుల జరిమానా రసీదు బుక్కు,
నీలి కార్బన్ కాగితం అంచు బయటికి.
ఆయన మాత్రం గుట్ట కింద
కృష్ణ నీళ్లు ఎక్కడిదాక వచ్చినయో
అప్పుడే చూడబుద్ధి అయినట్టు
శానాసేపు అటే చూసిండు.

నేనేం చెప్పాలె?
"మేత అడవికి శత్రువు" అని
నిన్న బోర్డు మీద రాసింది నేనే.
రెండు మేకపోతులమ్మి
సరోజ వాళ్లక్క ఇంటర్ ఫీజు కట్టిననాడు
తోడుగ పోయి రసీదు రాయించింది కూడా నేనే.

సరోజ మళ్లా వంగింది.
ఎండిన పెంటిక ఒకటి తీసి అరచేతుల చిదిమింది.
నడుమ గట్టి గింజ. తుమ్మ గింజ.
పగ్గం మూలకు ఇంకో పెంటిక పగిలి
రెండాకులు విప్పుకొని నిలబడ్డది
చిటికెన వేలంత తుమ్మ మొలక.
"సార్, దీన్ని ఏ గడిల రాయాలె?
మేసిందాంట్లనా, మొలిచిందాంట్లనా?"

ఇరవై యేండ్ల సర్వీసుల
నేను కూడబెట్టుకున్న జవాబులల్ల
ఇది లేదు.

స్కేలు లేదు. చెప్పు అంచు ఆసరా చేసుకొని
వంకరటింకరగ మూడో గడి గీసింది.
దాని నెత్తిన ఏం రాయాలెనో తోచక
కాసేపు పెన్ను కొరికింది,
పైపండ్లతో.

చినుకులు మొదలైనయి.
పుల్లలు పీకి పగ్గం చుడుతుంటే
లోపలిది బయటిది మళ్లా కలిసిపోయింది.
ఎక్కడ కూసున్నమో మాకే గుర్తులేదు.
ఖాజా మియా ఒక్కడే ఎనుకకు పోయి
ఆ మొలక చుట్టూ నాలుగు రాళ్లు పేర్చి,
చేతులు దులుపుకుంట వచ్చి,
"ఎవ్వలకు చెప్పకుండ్రి" అన్నడు.

ఏది చెప్పొద్దో మాత్రం అనలేదు.