చెక్‌పోస్టు దాటితే బొమ్మ

ఇచ్ఛాపురంలో తీగ నాదే.
స్తంభాల మీది పెట్టెలు నావి, నిచ్చెన నాది,
పదహారు వీధుల తిట్లు నావి.
బొమ్మ మాత్రం నాది కాదు.

శుక్రవారం సాయంత్రం కబడ్డీ ఛానల్ నీలంగా అయిపోయింది.
"ఈ ఛానల్ మీ ప్యాకేజీలో లేదు.
వివరాలకు మీ ఆపరేటర్‌ని అడగండి."
ఆపరేటరంటే నేనే.
నేనెవర్ని అడగాలి?
విశాఖ పెద్దాఫీసుకి ఫోన్ చేస్తే
అరగంట వీణ వినిపించి పెట్టేశారు.

చివరికి తెలిసిందేంటంటే
ఛానల్ వాళ్ళు ఇంటికి పందొమ్మిది అడిగారట,
కంపెనీ వాళ్ళు పన్నెండు దగ్గర భీష్మించుకున్నారట.
ఏడు రూపాయల తేడా.
దాన్ని నల్లకోట్ల వాళ్ళు ఢిల్లీలో
వాయిదాల మీద వాయిదాలు మోస్తున్నారట.
మా సంతలో ఏడు రూపాయలకి
తోటకూర కట్ట కూడా పూర్తిగా రాదు.

ఇంకో ఏడాదైతే పోనీలే అనుకుందురు.
ఈ ఏడు నర్తు మోహిని ఆడుతోంది.
జీడిపిక్కలు కొట్టే పార్వతి కూతురు,
రత్తకన్న దారిలో ఇసకలో
మగపిల్లల మడమలు దొరకబుచ్చుకున్న పిల్ల,
ఇప్పుడు పసుపు జెర్సీ, ఎనిమిదో నంబరు.

ఢిల్లేసు నా కాలర్ పట్టుకున్నాడు.
"నెలనెలా బేగొచ్చి డబ్బులట్టుకెల్తావు గదా,
మా గుంట ఆడతంటే తెర మూసేస్తావేట్రా?"
మంగలి లింగరాజు నా గడ్డం సగం గీసి
మిగతా సగం ఛానల్ వచ్చాక అన్నాడు.
కొబ్బరి మండీ కుర్రాళ్ళు
నలుగురి డేటా కలిపి ఒక్క ఫోన్‌లో పెట్టారు.
మోహిని గీత దాటింది, కూత మొదలెట్టింది,
అంతే, తెర మధ్యలో చక్రం తిరుగుతూ ఉండిపోయింది.
ఆ ఫోన్‌లో ఆ పిల్ల
ఇప్పటికీ ఊపిరి బిగబట్టే ఉంది.

పార్వతి తిట్టలేదు.
జీడికి నల్లబడ్డ వేళ్ళతో నా రసీదు పుస్తకం తిప్పింది.
"పందొమ్మిదేనా?"
"పందొమ్మిదే."
"నానిచ్చెస్తాను. మా ఇంటికొక్కదానికీ ఎయ్యి."
అలా కుదరదమ్మా అంటే నమ్మలేదు.
ఈ పనిలో అబద్ధాలే నమ్ముతారు.

ఆదివారం సెమీఫైనల్.
చెక్‌పోస్టు అవతల వేరే రాష్ట్రం, వేరే కంపెనీ,
అక్కడింకా తగువు మొదలవలేదు,
బొమ్మ వస్తోందని లారీ డ్రైవరొకడు చెప్పాడు.
రెండు ఆటోలు, పదకొండు సైకిళ్ళు, పార్వతి, నేను.
పోలీసు ఆపాడు: ఏం పట్టుకెళ్తున్నారు?
ఏం లేదు బాబూ, కళ్ళు.

త్రినాథ్ సాహు టీ కొట్టు.
వ్యాఖ్యానం హిందీలో, బేరాలు ఒడియాలో, అరుపులు మావి.
నేను చివరి బల్ల మీద కూర్చున్నాను,
సొంత పొయ్యి ఆరిపోయి
పక్కింటి నిప్పుకొచ్చినవాడిలా.

ఆఖరి నిమిషం. ముగ్గురు చేతులు కలిపి గొలుసు కట్టారు.
మోహిని నేలకి పడింది,
పడి, పాముపిల్లలా సాగి,
గీత మీదికి వేలి కొస చాపింది.
కొట్టంతా లేచి నిలబడింది.
సాహు చేతిలో గరిటె పాలలో మునిగిపోయింది.
పార్వతి ఒక్కతే కూర్చుని అడిగింది:
"మోకాలికా గుడ్డ కట్టేటి? ఫోన్లో సెప్పనేదు."

వేలు గీతకి అందలేదు. ఒక్క పాయింటు.
తిరిగొస్తుంటే ఎవరూ నన్నేమీ అనలేదు.
తిడితేనే బాగుణ్ణనిపించింది.

మంగళవారం పదమూడున్నర దగ్గర తెగిందట.
ఎవరికీ చెప్పకుండా బొమ్మ వచ్చేసింది.
పచ్చటి గడ్డి మీద టోపీలాయన ఒకడు
చిన్న తెల్లబంతిని కన్నంలోకి నెడుతున్నాడు.
చూసేవాళ్ళు చప్పట్లు కూడా నెమ్మదిగా కొడుతున్నారు.

వసూలుకెళ్తే పార్వతి టీవీ మీద గుడ్డ కప్పేసి ఉంది.
కొంగుముడి విప్పి ఇరవై నోటు చేతిలో పెట్టింది.
రసీదు రాయబోతే ఆపింది.
"కేబులుకి గాదు.
ఆ సాహు కొట్టుకాడ రెండు టీలు బాకీ ఉండిపోనాయి.
అటెల్తే ఇచ్చీ."

నా పుస్తకంలో దానికి గడి లేదు.