సొన

చిత్తూరు చర్చి వీధిలో, మిద్దె మీద మా డిజైన్ షాపు.
గుజ్జు డబ్బాల లేబుల్‌కని
చెంగల్రాయుడు వాట్సాప్‌లో పంపిన మామిడికాయ
ఎవరి తోటదో, ఎక్కడ దించుకున్నాడో,
ఒకటే పసుపు.
"మాది తోతాపురి, పచ్చంగా ఉండాల."

నేను గీసిన అక్షరాలు మాట వింటాయి,
ఒక్క నొక్కుకి నీలం, ఇంకో నొక్కుకి ఎరుపు.
ఈ కాయ వినదు. చుక్కల మూట.
పచ్చ పోస్తే నీడకూ పాకింది.
వెనక గళ్ళగళ్ళుగా కనబడే ఏమీలేనితనం
తెల్లగా గడ్డకట్టింది.

ఖాళీని ఖాళీగా ఉంచి
కాయకి మాత్రమే రంగు పట్టించేసరికి
రెండు కరెంటు కోతలు, మూడు టీలు.
అయినా తొడిమ దగ్గర
తెల్లటి నూలుపోగంత అంచు,
ఎంత చెరిపినా పోలేదు.

సాయంత్రం వచ్చాడు. సంచిలోంచి కాయ తీసి
తెరకి ఆనించి చూశాడు.
బాణం గుర్తుని ఆ పోగు మీదికి జరిపి దాచబోయాను.
"యాడికి తోస్తావు దాన్ని?"
"పోవడం లేదన్నా, ఇంకో గంటియ్యి."
"పోనీయొద్దబ్బయా. సొన గదా అది.
ఇప్పుడే కోసినట్టుండాది."

కాయని కీబోర్డు మీదే మరిచి వెళ్ళాడు.
రెండు రోజులు
ఖాళీలు కొట్టే మీట
వేలికి అతుక్కుంటూనే ఉంది.