ముట్టె సేద్యం

గుంటూరులో మా గుడిసెల వెనక
మురుక్కాలవ మీద పలకలు పరిచిన ఏడాది
మున్సిపాలిటీ వాళ్లు వలలు తెచ్చారు.
ఇరవై రెండు జీవాలు పోయాయి.
మిగిలిన మూడింటినీ ట్రాలీ ఆటోలో కుక్కి
రాత్రికి రాత్రే వట్టిచెరుకూరు దాటించాం.

అప్పు చేసి కొన్నది ఎకరం పది సెంట్లు.
ఇంత చవగ్గా ఎందుకిస్తున్నాడని
నాంచారమ్మ అడుగుతూనే ఉంది.
ఊరందరికీ సోది చెప్పిన మా అత్త కూడా
ఈ నేల సంగతి చెప్పలేకపోయింది.
తొలకరి పడ్డాక తెలిసింది.

తుంగ.
కోసినచోట రెండు, పీకినచోట నాలుగు.
పదిహేనేళ్లు మిరప మీద మిరప వేసి
మందు మీద మందు కొట్టి
నల్లరేగడి చిట్టెంలా బిగిసిపోయింది.
గునపం వేస్తే ఠంగుమంది.
పిడికెడు మన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
మన్ను వాసన రాలేదు.

ట్రాక్టరు కిరాయికి డబ్బుల్లేవు.
ఉన్నది బొద్దెమ్మ, దాని ఇద్దరు కూతుళ్లు.
తుమ్మకంప లాక్కొచ్చి నాలుగు సెంట్లకి దడి కట్టి
లోపలికి వదిలాను.
బొద్దెమ్మ ఒకసారి గాలి పీల్చింది.
ముట్టె ఆనించింది.
ఆ తర్వాత చెవులు తప్ప ఏమీ కనపడలేదు.
దాని పళ్ల కింద తుంగగడ్డ పటుక్కుమంది.
ఆ చేలో నేను విన్న మొదటి పంట చప్పుడు అది.

నాలుగో రోజున దడి జరిపాను.
వెనక మిగిలినచోట అంతా గుల్ల, గుంట, పేడ, చెమ్మ.
నాగలి ఎరగని ఆ దుక్కిలో జనుము చల్లాను.
మళ్లీ నాలుగు రోజులు, మళ్లీ కంప,
అరచేతుల్లో ముళ్లు విరిగి
అన్నం కలుపుకోవడం కూడా కష్టమైంది.

పక్కచేను కోటిరత్నం గారు
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గట్టు మీద నిలబడేది.
ఊళ్లో మా జీవం పేరు తిట్టుకే పనికొస్తుంది,
స్నానం చెయ్యని పిల్లాడికీ, తాగొచ్చిన మొగుడికీ.
చిన్నది ఒకనాడు దడి తోసుకుని
ఆమె చిలగడదుంప చాళ్లలో పడింది.
మూడు చాళ్లు.
నష్టం కట్టాను. దండం పెట్టాను.
ఆమె డబ్బు లెక్కపెట్టుకుంది, మాట్లాడలేదు.

ఆ వేసవిలో బొద్దెమ్మ ఏడు పిల్లల్ని ఈనింది.
ఈశాన్యం మూల తవ్వుతుంటే సీసాలు బయటపడ్డాయి.
మూతల్లేనివి, పగిలినవి,
పుర్రెబొమ్మ ఇంకా చెరగనివి.
నేను చూసేసరికే ఒక పిల్ల నాకింది,
నుదుట తెల్లమచ్చ ఉన్నది.
తెల్లారేసరికి కాళ్లు చాపేసింది.
నాంచారమ్మ అమ్మినవాణ్ణి తిట్టలేదు, నన్నూ తిట్టలేదు.
"ఇన్ని తాగించుకుని
ఒక్కసారైనా కక్కలేదే ఈ నేల" అంది.
గోనెసంచిలోకి నూట పద్నాలుగు ఏరాం.
పిల్లని మాత్రం ఆ మూల పూడ్చలేదు.

రెండో ఏడు జనుము పచ్చగా పూసింది.
పూతలోనే తొక్కించేశాను.
కొంగలు దిగాయి, ఎందుకో నాకర్థం కాలేదు.
క్రిస్మస్ ముందు ఆదివారం
బెజవాడ బేరగాడు కాటా తెచ్చి
బొద్దెమ్మ కూతుళ్లిద్దర్నీ తూచుకున్నాడు.
దున్నినవాళ్లనే అమ్ముకుని వడ్డీ కట్టాను.
ఆ రాత్రి బొద్దెమ్మ తొట్టి దగ్గరకు రాలేదు.
నేనూ కంచం ముందు ఊరికే కూర్చున్నాను.

మొన్న కోటిరత్నం గారు గట్టు దాకా వచ్చి
"మా వైపు కూడా తుంగ..." అని ఆగింది.
ముక్కు మీద కొంగు లేదు.
ఆ మాట పూర్తి చెయ్యలేదు.
నేనూ తొందరపెట్టలేదు.

అప్పు ఇంకా సగం ఉంది.
ఈ పొద్దున ఈశాన్యం మూల నుంచి
నాంచారమ్మ కేకేసింది.
మళ్లీ సీసా అనుకుని గోనె పట్టుకుని పరిగెత్తాను.
పాములంటే చచ్చేంత భయం ఆమెకి.
అరచేతిలో వానపాము, మెలికలు తిరుగుతూ.
"బొద్దెమ్మ చూడకముందే
మన్ను కప్పెయ్, తొందరగా" అంది.